మొదటి బొంత ఏది కుట్టాలి? బీరువా మీదకి ఎక్కకుండా పూర్తయ్యేది

మా బీరువా మీద ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో 440 గుడ్డ ముక్కలు, ఒక్కోటి 5 అంగుళాల చదరం. డబుల్ కాట్ మీద పరిచే బొంత కుడదామని నాలుగేళ్ల కిందట ఉత్సాహంగా మొదలుపెట్టా. అడ్డంగా 20, నిలువుగా 22, కాగితం మీద లెక్క కూడా వేసుకున్నా. కత్తిరించడానికే మూడు వారాలు పట్టింది. రెండు వరుసలు అతికాక పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి ఇంకొకదానికన్నా అంగుళంన్నర పొడవుంది. ఆ రోజు సంచిలో పెట్టి పైన పడేసినవి, ఈమధ్య దాకా దించలేదు.

కాబట్టి "మొదటిసారి బొంత కుడదామనుకుంటున్నా, ఏది కుట్టను?" అని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఏది కుట్టకూడదో. మంచానికి సరిపడేది వద్దు. పెళ్లి రోజుకి ఆయనకి ఇద్దామని, అత్తగారికి సర్‌ప్రైజ్ అని, తారీఖు పెట్టుకుని పెద్దది మొదలుపెట్టడం అసలే వద్దు, ఆ టెన్షన్‌లో కుట్టు కుదరదు.

ఇంగ్లీషువాళ్లు క్విల్ట్ అనేదీ మనం బొంత అనేదీ వేరువేరు అనుకుంటారు చాలామంది, రెండూ ఒకటే. పై గుడ్డ, మధ్యలో ఏదో ఒక మెత్తటి పొర, అడుగు గుడ్డ, మూడూ కదలకుండా కలిపి కుట్టడం. బెంగాల్‌లో కాంథా, మహారాష్ట్రలో గోధడి అని పిలిచేవీ ఈ బాపతే. తేడా ఎక్కడ వస్తుందంటే, వీడియోల్లో చూసే క్విల్టుకి పై గుడ్డే చిన్న చిన్న ముక్కలు అతికి చేసిన డిజైన్. మా అమ్మమ్మ కుట్టిన బొంతకి పైన ఒక చీర, కింద ఒక చీర, మధ్యలో పాత పంచెలు, అంతే. ముక్కలు అతికినా చిరుగు ఉన్నచోటే అతికేది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, బొంత పనిలో నిజానికి మూడు పనులున్నాయి. ముక్కలు అతకడం ఒకటి, పొరలు కలిపి కుట్టడం ఒకటి, అంచు కట్టడం ఒకటి. మూడూ వేరువేరు విద్యలు. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది రాదు. జాకెట్లు బ్రహ్మాండంగా కుట్టే మా పిన్ని పొరల దగ్గరికి వచ్చేసరికి మిషన్ ముందు కూర్చుని తిట్టుకోవడం కళ్లారా చూశా. మొదటిసారి ఏది కుట్టాలి అన్న ప్రశ్నని నేనైతే ఇలా మారుస్తా: ఈ మూడింట్లో మొదట ఏది నేర్చుకుంటారు, ఏది తర్వాతకి వాయిదా వేస్తారు?

అందరూ మొదట చెప్పేది మసిగుడ్డ. వేడి గిన్నె దించడానికి పట్టుకునే చదరపు గుడ్డ, 8 అంగుళాలది. చిన్నది, ఒక సాయంత్రం పని, పాడైనా గుడ్డ పోయేది జానెడే. మా పక్క ఫ్లాట్ అమ్మాయి కూడా ఇదే మొదలుపెట్టింది. "అక్కా, అన్ని వీడియోల్లోనూ దీంతోనే మొదలుపెట్టమంటున్నారు, మరి నాకెందుకు రావట్లేదు?" అని తెచ్చి చూపించింది. మధ్యలో చక్కగానే ఉంది, నాలుగు మూలలూ మాత్రం ముద్దలు కట్టి, ఒక మూల దగ్గర సూది విరిగి, దారం గూడు కట్టి ఉంది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. లెక్క చూడండి. పై గుడ్డ ఒకటి, మధ్యలో పాత టవల్ రెండు మడతలు, అడుగు గుడ్డ ఒకటి, నాలుగు పొరలయ్యాయి. దానికి రెండు మడతల పట్టీతో అంచు కడితే అంచు దగ్గర ఎనిమిది. మూల దగ్గర పట్టీ మళ్లీ మడత పడుతుంది కాబట్టి అక్కడ డజను పొరలు. ఇంట్లో మామూలు బట్టలు కుట్టే మిషన్, అందులోనూ 14 నంబరు సూదితో ఆ మూల తిరగడమంటే పాత స్కూటర్ మీద ముగ్గురు ఎక్కి ఫ్లైఓవర్ ఎక్కినట్టు. పైగా 8 అంగుళాల గుడ్డకి అంచు మొత్తం 32 అంగుళాలే, అందులో నాలుగు మూలలు, అంటే చేయి కుదురుకునేలోపే మూల వచ్చేస్తుంది. అదే 36 బై 45 అంగుళాల చంటిపిల్లల పక్కబొంతకి అంచు 162 అంగుళాలు ఉంటుంది, మూలలు అవే నాలుగు. చిన్నది కాబట్టి తేలిక అనుకోవడం దగ్గరే మనం దెబ్బతింటాం.

అయినా మసిగుడ్డే కుడతాను అంటే పట్టీ అంచు మానేయండి. పై గుడ్డ, అడుగు గుడ్డ మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, టవల్ పొర వాటి కింద వేసి, చుట్టూ కుట్టి, ఒక పక్క మూడు అంగుళాలు వదిలేసి, ఆ సందులోంచి గలీబు తిరగేసినట్టు తిరగేయండి. తిరగేసేముందు మూలల దగ్గర ఎక్కువున్న గుడ్డ కాస్త ఏటవాలుగా కత్తిరిస్తే ముద్ద కట్టదు. సందు చేత్తో మూసి, అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు గీతలు కుట్టేస్తే అయిపోయింది. ఇంకో మాట, మధ్యలో పెట్టేది అచ్చంగా నూలుదే కావాలి. షాపులో దొరికే పాలిస్టర్ దూది షీటు తెల్లగా మెత్తగా ముద్దొస్తుంది గానీ, పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మెత్తబడడం ఇంకా ముందే మొదలవుతుంది. పొయ్యి మీద ఖాళీగా కాలిన ఇనుప బాణలి ఆ వేడి అందుకోవడం పెద్ద విషయం కాదు. చేతిలో అంటుకుంటే బొబ్బే.

మిషన్ ఉండి, ముక్కలు అతికే సరదా ఉన్నవాళ్లకి నేను చెప్పేది దిండు గలీబు. సోఫా దిండు, 16 అంగుళాలది. దీంట్లో పెద్ద సుఖం ఒకటుంది: అంచు కట్టే పని లేదు, అంచులన్నీ లోపలికి పోతాయి. రెండో సుఖం ఇంకా పెద్దది, అడుగు వైపు ఎవరికీ కనపడదు. పొరలు కలిపి కుట్టేటప్పుడు కొత్తవాళ్లకి అడుగున దారం ఉచ్చులు రావడం, అస్తరు అక్కడక్కడ ముడత పడడం మామూలే, బొంతలో అయితే తిప్పగానే బయటపడుతుంది, గలీబులో అదంతా దిండు వైపుకి పోయి దాక్కుంటుంది.

కొలతలు చెబుతా. 6 అంగుళాల చదరాలు తొమ్మిది, మూడేసి మూడు వరుసలు. పావు అంగుళం కుట్టులోకి పోనిస్తూ అతికితే 17 అంగుళాల చదరం వస్తుంది. దాని కింద పల్చటి పొర ఒకటి, దాని కింద పాత లైనింగ్ గుడ్డ ఒకటి వేసి, అతుకుల పక్కనే గీతలు కుట్టండి. వెనక్కి 17 బై 12 ముక్కలు రెండు, ఒక్కో దానికి 17 అంగుళాల పక్క ఒకటి అంగుళం మడిచి కుట్టాలి, రెండూ ఒకదాని మీద ఒకటి 5 అంగుళాలు ఎక్కేట్టు పరిచి, చుట్టూ అర అంగుళం లోపల కుట్టి తిరగేస్తే గలీబు. జిప్పు అక్కర్లేదు, గుండీలు అక్కర్లేదు.

అతికేటప్పుడు ఆ పావు అంగుళం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి, నా 440 ముక్కలు సంచిలోకి పోయింది దానివల్లే. అతుకు దగ్గర ఒక్క మిల్లీమీటరు ఎక్కువ లోపలికి పోయిందనుకోండి, అటు ముక్కలో ఒకటి, ఇటు ముక్కలో ఒకటి, అతుక్కి రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. గలీబులో వరుసకి అతుకులు రెండే, మొత్తం తేడా 4 మిల్లీమీటర్లు, కాస్త లాగితే సర్దుకుంటుంది. నా మంచం బొంతలో వరుసకి 19 అతుకులు, తేడా 38 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అంగుళంన్నర. ఒక వరుస పొద్దున నిమ్మళంగా కుట్టి, ఇంకో వరుస రాత్రి నిద్రమత్తులో కుడితే ఆ మాత్రం తేడా రాకుండా ఎలా ఉంటుంది? దీనికి చిట్కా ఒక్కటే, సూది నుంచి పావు అంగుళం కొలిచి మిషన్ పలక మీద రంగు టేపు ముక్క ఒకటి అంటించుకోండి, గుడ్డ అంచు ఆ టేపుని ఒరుసుకుంటూ పోనివ్వండి, సూదిని చూడకండి, టేపునే చూడండి.

గలీబుకి అన్నదమ్ముల్లాంటిది పూజ దగ్గర వేసుకునే ఆసనం. 20 అంగుళాల చదరం, మధ్యలో పాత దుప్పటి నాలుగు మడతలు. కుర్చీ మీదకైనా పనికొస్తుంది. గలీబంత తేలిక కాదు, రెండు వైపులా కనపడుతుంది, మందం ఎక్కువ కాబట్టి 16 నంబరు సూది వేయాలి. కానీ రోజూ వాడతారు, నేల మీద పడి ఉంటుంది కాబట్టి కుట్టు వంకరున్నా ఎవరూ పట్టించుకోరు. నేనైతే దీన్ని రెండోదిగా పెడతా. టేబుల్ రన్నర్ అని ఇంకోటి చెబుతుంటారు, పొడుగ్గా మూడు పట్టీలు అతికితే అయిపోతుంది, తప్పేం లేదు, డైనింగ్ టేబుల్ మీద మందుల డబ్బాలూ ఊరగాయ జాడీలూ లేని ఇల్లయితే కుట్టుకోండి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, మిషన్ లేనివాళ్లకి కళ్లు మూసుకుని చెప్పేది, చంటిపిల్లల పక్కబొంత. ముక్కలు అతకడం లేదు, విడిగా అంచు పట్టీ కట్టడం లేదు, ఉన్నది ఒక్క పనే, పొరలు కలిపి కుట్టడం. మూడు పనుల్లో బొంతని బొంత చేసేది అదే కాబట్టి మొదట అది చేతికి రావడం మంచిదని నా అభిప్రాయం. ఇంట్లో చంటిపిల్లలు లేకపోతే ఒళ్లో వేసుకోవచ్చు, కార్లో వెనక సీట్లో పడేయొచ్చు.

పాత నూలు చీర ఒక్కటి చాలు. చీర పొడవు అయిదున్నర మీటర్లు, వెడల్పు సుమారు మీటరు పది, పదిహేను సెంటీమీటర్లు. 90 సెంటీమీటర్ల చొప్పున కత్తిరిస్తే ఆరు ముక్కలు వస్తాయి. మొదటిసారికి నాలుగు పొరలు చాలు, ఆరు పెడితే సూది దిగదు, వేళ్లు వాస్తాయి. బాగున్న రెండు ముక్కలు పైకీ కిందకీ, నడుం దగ్గరా కుచ్చిళ్ల దగ్గరా మాసి పల్చబడినవి రెండు మధ్యలోకి, మిగతావి గలీబు అస్తరుకి దాచుకోండి. కత్తిరించే ముందు ఫాల్ ఊడదీయండి. ఇది చాలామంది మరిచిపోతారు, నేనూ మరిచిపోయా. ఫాల్ గుడ్డ వేరు, చీర వేరు, ఉతికితే ఒకటి ముడుచుకుంటుంది ఇంకోటి ముడుచుకోదు, బొంత ఒక పక్క సొరకాయలా వంగిపోతుంది. జరీ అంచుంటే అదీ తీసేయండి, పసిపిల్ల ఒంటికి గీరుకుంటుంది.

గంజి పెట్టిన చీరైతే రెండు నీళ్లలో బాగా ఉతికి గంజి పోగొట్టాలి, లేకపోతే నాలుగు పొరల్లోంచి సూది లాగేసరికి చెయ్యి లాగేస్తుంది. తమాషా ఏంటంటే ముక్కల పనికి ఇది తిరగబడుతుంది. గలీబు ముక్కలు కత్తిరించేముందు గుడ్డకి పల్చగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే అట్టలా నిలబడి, చదరం చదరంలా తెగుతుంది, సాగదు. విదేశాల్లో దీనికోసం డబ్బాల్లో స్ప్రేలు కొనుక్కుంటారు, మనకి అన్నం వార్చిన గిన్నెలోనే ఉంది.

పరిచేటప్పుడు నేల తుడిచి, అడుగు పొర పరిచి, నాలుగు మూలలా పప్పు డబ్బాలు బరువు పెట్టండి. అడుగు గుడ్డ చుట్టూ రెండు వేళ్ల వెడల్పు ఎక్కువుండాలి, అంటే పై మూడు పొరలూ ఆ మేరకు తగ్గించి కత్తిరించాలి, ఎందుకో తర్వాత చెబుతా. మీద ఒక్కో పొర పరుస్తూ అరచేత్తో మధ్య నుంచి బయటికి దువ్వుతూ పోండి. మా అమ్మమ్మ నోట్లో నీళ్లు పోసుకుని చీర మీద తుంపరలా ఊదేది, ఆ తడికి పొరలు ఒకదానికొకటి అతుక్కునేవి. స్ప్రే బాటిల్ ఉంటే మీరు మర్యాదగా దాంతో చల్లుకోవచ్చు.

తర్వాత కచ్చా కుట్టు. ఇక్కడ బద్ధకిస్తే మిగతా పనంతా పాడవుతుంది, ఇంత గట్టిగా నేను ఇంకేదీ చెప్పను. మధ్యలో మొదలుపెట్టి నాలుగు వైపులకీ, ఆ తర్వాత బెత్తెడు బెత్తెడు దూరంలో అడ్డంగా నిలువుగా, వేలెడంత పొడవు కుట్లు, ముడి వేయక్కర్లేదు, తర్వాత లాగేసేవే. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో గాలి చిక్కుకున్నట్టు పొర ఉబ్బుతుంది, దాన్ని సరిచేయడానికి ఆ తర్వాత దారి లేదు. పిన్నీసులు పెట్టినా సరే, గుండుసూదులు మాత్రం వద్దు, కూర్చుని ఒళ్లో వేసుకుని కుట్టే పని ఇది, ఎక్కడ గుచ్చుకుంటాయో చెప్పలేం.

అసలు కుట్టు మామూలు సాదా కుట్టే, సూది కిందికి, పైకి. వరుసకీ వరుసకీ మధ్య రెండు వేళ్లు, దగ్గర దగ్గర 4 సెంటీమీటర్లు. అలా వేస్తే 90 సెంటీమీటర్ల వెడల్పులో 22 వరుసలు వస్తాయి. ఒక్కో వరుస మొదట్లో 20 నిమిషాలు పడుతుంది, చేయి తిరిగాక పావుగంట. రోజుకి రెండు వరుసలు, సీరియల్ చూస్తూనో ఫోన్ స్పీకర్లో పెట్టి అమ్మతో మాట్లాడుతూనో వేసుకుంటే పదకొండు రోజులు. నేను కొలిచి చెబుతున్న ఈ లెక్క మీకు తప్పవచ్చు, కానీ నెల దాటదు. మంచం బొంతతో పోల్చి చూడండి, నాకు కత్తిరించడానికే మూడు వారాలయింది.

కుట్టు గీత నిటారుగా రావాలంటే సుద్దముక్కతో గీసుకోండి, పెన్ను వద్దు. ముడి కింద కనపడకుండా ఉండాలంటే ముడి వేసిన దారాన్ని పై పొరలో ఒక అంగుళం దూరం నుంచి దూర్చి, చిన్నగా లాగితే 'టప్' అని ముడి పొర లోపలికి దిగిపోతుంది. ఆ చప్పుడు వినడం కోసమే నేను దారం చిన్నది తీసుకుంటానేమో అనిపిస్తుంది ఒక్కోసారి. దారం మూరెడు, మహా అయితే మూరన్నర, అంతకన్నా పొడవు తీసుకుంటే సూది ఎక్కించే బాధ తగ్గుతుందని అనుకుంటారు, చిక్కులు విప్పడంలో దానికి రెట్టింపు పోతుంది. జాకెట్లు కుట్టే సన్న దారం ఇక్కడ నిలవదు, రెండు పోగులు చేసుకోండి లేదా లావు నూలు దారం తీసుకోండి.

వరుసలన్నీ అయ్యాక, ఎక్కువ వదిలిన అడుగు గుడ్డ ఉంది కదా, దాన్ని ఒక మడత లోపలికి మడిచి, మళ్లీ పై గుడ్డ మీదకి మడిచి, చేత్తో కుట్టేయండి. అదే అంచు. విడిగా పట్టీ లేదు, కొలత లేదు. మూలల్లో కాస్త లావుగా ఉన్నా సూది చేతిలో ఉంది కాబట్టి సర్దుకోవచ్చు, మిషన్ సూది అలా సర్దుకోదు.

ఒక జాగ్రత్త. పక్కబొంత పేరుకి తగ్గట్టు పక్క మీద పరచడానికి, పసిపిల్ల మీద కప్పడానికి కాదు. నూనె రాసేటప్పుడు, పగలు బోర్లా పడి ఆడుకునేటప్పుడు, మనం పక్కన ఉన్నప్పుడు. అమెరికాలో ఉన్న మా చెల్లెలికి పాప పుట్టినప్పుడు రెండు కుట్టి పంపా, అక్కడ ఆస్పత్రిలో మా చెల్లికి అప్పటికే చెప్పారట, మొదటి ఏడాది పిల్లలు నిద్రపోయే తొట్టిలో దుప్పట్లు, దిండ్లు, బొంతలు ఏవీ ఉండకూడదని. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేదీ అదే. కాబట్టి బయట ఉన్నవాళ్లకి పంపేటప్పుడు ఆ మాట చెప్పి పంపండి. గుండీలు, పూసలు, అద్దాలు కుట్టకండి, నోట్లోకి పోతాయి.

ముక్కలు కావాలి, మిషన్ లేదు, స్కేలు పట్టుకునే ఓపిక అసలే లేదు అనేవాళ్లకి ఇంకో దారి ఉంది. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు అడవి పల్లెల్లో ఉండే సిద్దీ తెగ ఆడవాళ్లు కుట్టే బొంతలని కవంది అంటారు. పాత చీర పరిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, చేతికొచ్చిన ముక్క అంచు వేలితో లోపలికి మడుస్తూ చీర మీద పెట్టి సాదా కుట్టు వేసుకుంటూ, బొంత చుట్టూ తిరుగుతూ మధ్యకి చేరతారు. అంటే ముక్కలు అతకడం, పొరలు కుట్టడం, అంచు, మూడూ ఒకే కుట్టులో అయిపోతాయి. కొలత లేదు, చదరం లేదు, వంకర అనేదే లేదు. చివర్లో మూలల దగ్గర పువ్వుల్లా మడిచిన చిన్న ముక్కలు కుడతారు. చూడ్డానికి అల్లాటప్పాగా ఉందనుకునేరు, ఏ రంగు పక్కన ఏ రంగు అన్నదాంట్లోనే ఉంది వాళ్ల గొప్పతనమంతా. మొదటిసారి జానెడున్నర ముక్క కుట్టి చూడండి, పెద్దది మొదలుపెడితే మళ్లీ బీరువా పైకే.

పట్టుచీరలతో కుడదామని చాలామందికి ఉంటుంది, అమ్మ పెళ్లి చీర అనో, అమ్మమ్మ జ్ఞాపకం అనో. మొదటిసారికి వద్దండీ. పట్టు జారిపోతుంది, కత్తెర పెట్టగానే పోగులు ఊడతాయి, సూది తప్పుచోట దిగితే ఆ రంధ్రం అలాగే ఉండిపోతుంది. జ్ఞాపకం మీద కుట్టు నేర్చుకోకూడదు. టీషర్టులతోనూ అంతే, పిల్లల స్కూలు టీషర్టులన్నీ కలిపి బొంత చేస్తే బాగుంటుంది గానీ అది సాగే గుడ్డ, వెనక గట్టి గుడ్డ అంటించి ఇస్త్రీ చేస్తే తప్ప చదరంగా నిలవదు. చేతిసంచి కూడా మొదటిసారి కుట్టేది కాదు, అది బొంత పనికన్నా సంచి పనే ఎక్కువ, పట్టీలూ అడుగు మడతలూ.

కొత్త గుడ్డ కొనేవాళ్లు మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు ముక్కలు, అచ్చ నూలు టూ బై టూ గానీ పాప్లిన్ గానీ అడగండి. విజయవాడ వస్త్రలతకో సికింద్రాబాద్ జనరల్ బజార్‌కో దగ్గర్లో ఉన్నవాళ్లకి కట్ పీసుల వేట ఎలాగూ అలవాటే. మామూలు ఊళ్లో అయితే మీ టైలర్ని ఒక సంచి ఇచ్చి అడగండి, మిగిలిన ముక్కలు చిన్నవైనా బోలెడు రంగులు దొరుకుతాయి. ఏ గుడ్డయినా కత్తిరించేముందు ఒకసారి తడిపి ఆరేయాలి, అది కుంచించుకుపోవడం ముందే అయిపోవాలి.

రంగు పరీక్ష తప్పదు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు పోదని నమ్మి, ఒక ఎర్ర నూలు గుడ్డని గోధుమరంగు ముక్కల మధ్యలో పెట్టి ఆసనం కుట్టా, మొదటి ఉతుకులోనే మొత్తం గులాబీ రంగు తిరిగింది. అప్పట్నుంచీ తడిపిన గుడ్డ మీద తెల్ల గుడ్డ పీలిక పెట్టి ఇస్త్రీపెట్టె నొక్కి చూస్తా, పీలికకి రంగు అంటితే ఆ గుడ్డ ఒంటరిగా దేనికైనా వాడాల్సిందే. ఎరుపు, ముదురు నీలం, కొత్త కలంకారీ, వీటి దగ్గర మొహమాటపడకండి.

సామాను గురించి పెద్దగా ఏం లేదు. వీడియోల్లో చక్రంలా తిరిగే కత్తి, దాని కింద పచ్చటి చాప, గాజులాంటి స్కేలు చూపిస్తారు, అవి లేకుండా మొదలుపెట్టలేమేమో అని భయం వేస్తుంది. 6 అంగుళాల చదరం అట్టముక్క, పదునున్న కత్తెర, సుద్ద, తొమ్మిది ముక్కలకి ఇవి చాలు. చేతి కుట్టుకి మధ్యవేలికి తొడుక్కునే ఇనుప టోపీ మాత్రం కొనండి, నాలుగు పొరల్లోంచి సూదిని వెనక నుంచి తోయడం మొదటి రోజు బాగానే ఉంటుంది, మూడో రోజు వేలికి కన్నం పడుతుంది. కాళ్లతో తొక్కే పాత మిషన్ ఉన్నవాళ్లకి ఒక మాట: పై గుడ్డ ముందుకి తోసుకుపోయి చివర్లో కుచ్చు పడితే మిషన్‌ని తిట్టకండి, గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం బిగువు కాస్త వదులు చేసి, కుట్టు పొడవు పెంచి, నెమ్మదిగా తొక్కండి.

పక్క ఫ్లాట్ అమ్మాయికి చివరికి నేనేం చెప్పానంటే, మిషన్ మీద నీకు అంత కోపం ఉంటే ముందు చేతి బొంత కుట్టు, పెట్టెలో మీ అమ్మ నూలు చీర ఏదైనా ఉందేమో చూడు అని. ఉద్యోగం చేసే పిల్ల, రోజుకి అరగంట దొరకడం కష్టం, పదకొండు రోజులది ఇరవై మూడు రోజులు పట్టింది. అదే ఓపిక తక్కువై, వారాంతంలో కూర్చుని ఒక్కసారిగా లేపేయాలనుకునే మనిషయితే గలీబే చెప్పేదాన్ని. పూర్తి కాని పనంటే నిద్రపట్టని మా పిన్నిలాంటి వాళ్లకీ గలీబే. సగం కుట్టిన బొంత కొన్నాళ్లు ఇంట్లో పడి ఉండనివ్వగలిగితేనే అది కుట్టాలి.

నేను మాత్రం మొన్న ఆ సంచి దించా. 5 అంగుళాల ముక్కలు నాలుగేసి నాలుగు వరుసలు అతికితే 18 అంగుళాల దిండుకి సరిపోతుంది. 440 ముక్కలకి 27 గలీబులు, 8 ముక్కలు మిగులుతాయి. ఇప్పటికి మూడు అయ్యాయి, మా ఇంట్లో ఉన్న దిండ్లు నాలుగు.